జోయాంథిడ్లు: ఇంటి అక్వేరియంలో విష పగడాలు, వాటితో జాగ్రత్తలు

జోయాంథిడ్లు ఉప్పునీటి అక్వేరియంలలో అలంకారానికి పెంచే, పగడాలకు దగ్గరి చుట్టాలైన జీవులు. వీటిలో కొన్నింటి కణజాలంలో పాలిటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. తొట్టిలో కదిలించకుండా ఉన్నంతకాలం వీటివల్ల మనిషికి హాని అరుదు. కోసినప్పుడు, గీకినప్పుడు, రుద్దినప్పుడు, వేడినీళ్లు పోసినప్పుడు, ఎండబెట్టినప్పుడు విషం చర్మం, కన్ను, ఊపిరి ద్వారా ఒంట్లోకి చేరుతుంది. మన ఇళ్లలో దేన్నైనా శుభ్రం చేయడానికి మొదట గుర్తొచ్చే పద్ధతులు సరిగ్గా ఇవే. ఈ విషం విషయంలో ఎక్కువ ప్రమాదాలు అజాగ్రత్త వల్ల కాక శుభ్రత మీద శ్రద్ధ వల్లే జరిగాయి.

ఈ వ్యాసం జోయాంథిడ్ల స్వరూపం, విషం పనిచేసే తీరు, ప్రపంచంలో నమోదైన ఘటనలు, విశాఖ తీరంలోనూ దాని వెనుకనున్న తూర్పు కనుమల గిరిజన ప్రాంతంలోనూ గమనించవలసిన ప్రత్యేక పరిస్థితులు, పెంపకందారులు పాటించవలసిన జాగ్రత్తలు, ప్రథమ చికిత్సలను వివరిస్తుంది.

స్వరూపం, వర్గీకరణ

జంతు వర్గీకరణలో సముద్రపు ఆనిమోన్‌లు, రాతి పగడాలు, జోయాంథిడ్లు మూడూ ఆంథోజోవా తరగతికి చెందినవే. రాతి పగడాలు సున్నపు అస్థిపంజరాన్ని కట్టుకుంటాయి; జోయాంథిడ్లకు అది ఉండదు. రూపాయి నాణెం కంటే చిన్నవైన పాలిప్‌లు అడుగున ఒకదానితో ఒకటి అతుక్కుని, రాతిమీద తివాచీలా పరుచుకుంటాయి. ప్రతి పాలిప్‌కు నడుమ ఒక నోరు, చుట్టూ పొట్టి స్పర్శకాలు ఉంటాయి. ముట్టుకుంటే వెంటనే ముడుచుకుంటాయి, తర్వాత మెల్లగా విచ్చుకుంటాయి.

అక్వేరియం వ్యాపారంలో ఎక్కువగా కనిపించేవి రెండు ప్రజాతులు. జోయాంథస్ పాలిప్‌లు చిన్నవి, రంగులు ప్రకాశవంతంగా ఉంటాయి. పాలిథోవా పాలిప్‌లు పెద్దవి, చాలావరకు గోధుమ, ఆకుపచ్చ ఛాయల్లో ఉంటాయి. ఇసుక రేణువులను తమ కణజాలంలోకి కలుపుకోవడం వల్ల ముట్టుకుంటే గరగరలాడతాయి. తీవ్ర విషం బయటపడినవి ప్రధానంగా పాలిథోవా జాతులే. 2011లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ శాస్త్రవేత్తలు, వారి సహచరులు వాషింగ్టన్ ప్రాంతంలోని దుకాణాల్లో కొన్న నమూనాలను పరీక్షించారు. కొన్ని పాలిథోవాల్లో గ్రాము తడి కణజాలానికి సుమారు అర మిల్లీగ్రాము నుంచి 3.5 మిల్లీగ్రాముల దాకా పాలిటాక్సిన్ బయటపడింది. జోయాంథస్ రకాల్లో చాలా తక్కువ ఉంది, లేదా అసలు లేదు.

ఈ తేడాను ఆసరా చేసుకుని రంగును బట్టి ‘ఇది మంచిది, ఇది చెడ్డది’ అని తేల్చుకోవడం తగదు. ఒకే రాతిమీద రెండు ప్రజాతులూ కలిసి పెరుగుతాయి. దుకాణదారు చెప్పే వ్యాపార పేర్లకు, శాస్త్రీయ నామాలకు పొంతన ఉండదు. గుర్తింపు మీద నమ్మకం లేనప్పుడు ప్రతి జోయాంథిడ్‌నూ విషజీవిగానే చూడడం ఈ రంగంలో స్థిరపడిన నియమం.

ఉంగరాల్లో, దండల్లో వాడే ఎర్ర పగడానికి ఈ విషంతో సంబంధం లేదు. అది మధ్యధరా సముద్రంలో దొరికే వేరొక పగడజాతి గట్టి అస్థిపంజరం. అందులో జీవకణజాలం మిగలదు. చూ. నవరత్నాలు.

విషానికీ కాటుకూ భేదం

అక్వేరియం జీవుల వల్ల కలిగే హానుల్లో రెండు రకాలున్నాయి. ఆనిమోన్‌లు, అగ్ని పగడాలు, యూఫిల్లియా వంటి కొన్ని పగడాలు స్పర్శకాల్లోని దంశకణాలతో పొడుస్తాయి. మంట, దద్దుర్లు అప్పటికప్పుడే కనిపిస్తాయి. విశాఖ తీరానికి అప్పుడప్పుడు కొట్టుకొచ్చే ఫైసేలియా అనే నీలిరంగు జీవి కూడా ఈ కోవలోదే. పాలిటాక్సిన్ అలా కాదు. ముట్టుకున్నప్పుడు ఏమీ తెలియకపోవచ్చు, గంటల తర్వాత లక్షణాలు మొదలుకావచ్చు. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం ఇక్కడ చెల్లదు.

చేతిమీద గాయంతో తొట్టిలో చేయి పెట్టేవారికి మరో ముప్పు మైకోబాక్టీరియం మారినమ్ అనే బాక్టీరియా. ఇది మానని గడ్డలను కలిగిస్తుంది, నెలల తరబడి యాంటీబయాటిక్‌లు వాడవలసి వస్తుంది. చేతి తొడుగులు దీన్నీ అడ్డుకుంటాయి.

చరిత్ర

హవాయి దీవుల్లోని మావీ ద్వీపంలో, హానా ప్రాంతపు ఒక రాతిగుంటలో ప్రాణాంతకమైన నాచు ఉందని స్థానికులు తరతరాలుగా చెప్పుకునేవారు. సొరచేప నోటితో పుట్టిన మనిషిని ఊరివాళ్లు కాల్చి బూడిద ఆ గుంటలో పోశారని, ఆ బూడిద నుంచే అది మొలిచిందని వారి గాథ. యుద్ధవీరులు ఈటెలకు దాన్ని పూసేవారట. ఆ గుంట జోలికి వెళ్లడం నిషిద్ధం. 1961 చివర హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ నిషేధాన్ని లెక్కచేయక నమూనాలు తెచ్చారు. అదేరోజు, డిసెంబరు 31న, వారి సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కారణం దైవకోపమని ఊరివారన్నా, నమూనాలు మాత్రం పరిశోధనకు నిలిచాయి. అది నాచు కాదని, జోయాంథిడ్ అని తేలింది. దానికి పాలిథోవా టాక్సికా అని పేరు పెట్టారు.

1971లో రిచర్డ్ మూర్, పాల్ షోయర్‌లు ఆ విషాన్ని వేరుచేసి ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. దాని అణునిర్మాణాన్ని 1981లో జపాన్‌లో ఉయెమురా, హిరాతా బృందం, హవాయిలో మూర్ బృందం విడివిడిగా నిర్ధారించాయి. 129 కార్బన్ పరమాణువులు, సుమారు 2,680 అణుభారం ఉన్న ఈ పదార్థం ప్రోటీన్ కాదు, అయినా ప్రోటీన్ కాని విషాల్లో అతి తీవ్రమైనవాటిలో ఒకటి. 1994లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో యోషితో కిషి బృందం దాన్ని ప్రయోగశాలలో పూర్తిగా సంశ్లేషించింది. ఇంత సంక్లిష్టమైన అణువును మనిషి చేత్తో కట్టడం రసాయనశాస్త్ర చరిత్రలో పెద్ద ఘట్టంగా లెక్కిస్తారు.

ఆస్ట్రియాప్సిస్ అనే సూక్ష్మ శైవలాలు కూడా ఇదే కుటుంబానికి చెందిన విషాలను తయారుచేస్తాయి. 2005లో ఇటలీలోని జెనోవా తీరంలో అవి విపరీతంగా పెరిగినప్పుడు సముద్రపు తుంపర పీల్చిన సుమారు 200 మంది జ్వరం, దగ్గు, ఆయాసంతో ఆసుపత్రులకు వెళ్లారు. జోయాంథిడ్లలోని విషాన్ని పాలిప్ స్వయంగా తయారుచేస్తుందా, దానిలో సహజీవనం చేసే సూక్ష్మజీవులు తయారుచేస్తాయా అన్నదానిపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు.

విషం పనిచేసే తీరు

మనిషి శరీరంలో దాదాపు ప్రతి కణం పొరలోనూ సోడియం–పొటాషియం పంపు అనే ప్రోటీన్ ఉంటుంది. అది ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి పంపుతుంది. నరం స్పందించడం, కండరం సడలడం, గుండె లయగా కొట్టుకోవడం ఈ తేడామీదే ఆధారపడి ఉంటాయి. పాలిటాక్సిన్ ఆ పంపుకు అతుక్కుని దాని రెండు తలుపులనూ ఒకేసారి తెరిచి ఉంచుతుంది. అప్పుడు పంపు పంపుగా ఉండదు, రంధ్రమవుతుంది. సోడియం లోపలికి ముంచెత్తుతుంది, పొటాషియం బయటికి కారిపోతుంది.

దీనితో కండరాలు బిగుసుకుంటాయి, రక్తనాళాలు సంకోచిస్తాయి, ఎర్ర రక్తకణాలు పగలవచ్చు. తీవ్రమైన కేసుల్లో కండర కణాలు ఛిద్రమై వాటిలోని పదార్థాలు రక్తంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. సూదిమందు రూపంలో జంతువులకు ఇచ్చినప్పుడు కిలో బరువుకు ఒక మైక్రోగ్రాము కంటే తక్కువ మోతాదే ప్రాణాంతకమని ప్రయోగాల్లో తేలింది. మింగినప్పుడు, చర్మంమీద పడినప్పుడు అంత తీవ్రంగా పనిచేయదు. గాయం ద్వారా, కంటి ద్వారా, ఊపిరి ద్వారా వెళ్లినప్పుడే ప్రమాదం ఎక్కువ.

వేడికి చావని విషం

తూర్పు కనుమల గిరిజనులు అడవిలో దొరికే చేదు డయాస్కోరియా దుంపలను పలుచని ముక్కలుగా కోసి, ఉడికించి, పారే నీటిలో నానబెట్టి తింటారు. ఆ దుంపల విషం నీటిలో కరిగిపోయేది కాబట్టి ఆ పద్ధతి పనిచేస్తుంది. చూ. డయాస్కోరియా.

‘ఉడికిస్తే విషం పోతుంది’ అన్న ఈ అనుభవజ్ఞానం దుంపకు నిజం, పాలిటాక్సిన్‌కు అబద్ధం. మరిగే నీటి వేడికి అది విచ్ఛిన్నం కాదు. పైగా మరిగే నీళ్లు పాలిప్‌లను పగలగొట్టి, విషాన్ని ఆవిరి తుంపరలతో గాలిలోకి లేపుతాయి. ఇంటి పొయ్యిమీద రాతిని మరిగించడం, మైక్రోవేవ్‌లో పెట్టడం, నిప్పులమీద కాల్చడం ఈ జీవితో చేయగల పనుల్లో అత్యంత ప్రమాదకరమైనవి. ఎండలో ఆరబెట్టినా విషం పోదు. ఆరిన పొడి గాలికి లేస్తుంది.

పాలిటాక్సిన్‌ను నమ్మకంగా విరిచేది క్లోరిన్ బ్లీచ్, అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం. ఇంట్లో వాడే బ్లీచ్ ఒక వంతుకు చల్లని నీళ్లు తొమ్మిది వంతులు కలిపి, కనీసం అరగంట నానబెట్టడం సాధారణంగా సిఫారసు చేసే పద్ధతి.

నమోదైన ఘటనలు

2007లో అమెరికాలోని వర్జీనియాలో ఒకాయన తన తొట్టిలోని రాళ్లమీద అడ్డదిడ్డంగా పెరిగిన గోధుమరంగు జోయాంథిడ్లను వదిలించుకోవడానికి మరిగే నీళ్లు పోశాడు. ఆవిరి పీల్చిన ఇరవై నిమిషాల్లోనే ఊపిరి ఆడక ఆసుపత్రి పాలయ్యాడు. పైన చెప్పిన 2011 పరిశోధనకు ప్రేరణ ఈ కేసే.

2008లో ‘టాక్సికాన్’ పత్రికలో జర్మనీకి చెందిన ఒక కేసు అచ్చయింది. అక్వేరియం శుభ్రం చేస్తుండగా వేళ్లమీద పడ్డ చిన్న గాయాల ద్వారా విషం చేరింది. చెయ్యి వాచి, తిమ్మిరెక్కి, కండరాలు నొప్పిచేసి, వణుకు పుట్టింది. తొడుగు ఒక్కటి వేసుకుని ఉంటే ఆ కేసు ఉండేది కాదు.

అలాస్కాలోని ఆంకరేజ్ నగరంలో 2012, 2014 సంవత్సరాల మధ్య అక్వేరియం దుకాణ సిబ్బందికి, ఇళ్లలో పెంచేవారికి జ్వరం, వణుకు, దగ్గు, నోట్లో లోహపు చేదు కలిగాయి. ఎవరూ నీళ్లు మరిగించలేదు. పాలిప్‌లున్న రాళ్లను తొట్టినుంచి తొట్టికి మార్చారంతే. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2015లో ఇలాంటి పది మంది వివరాలను తన వారపత్రికలో ప్రకటించింది. ఒకరు ఆ పని చేసిన ఇంట్లో నిద్రపోతున్నవారు కూడా జబ్బుపడడం ఇందులో గమనించదగ్గది.

2018 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్ ప్రాంతంలో ఒక గృహస్థు తొట్టిలోని రాయిని బయటికి తీసి రుద్దాడు. ఆరుగురు కుటుంబ సభ్యులు, పెంపుడు కుక్కలు అస్వస్థులయ్యారు. సాయానికి వచ్చిన అత్యవసర సిబ్బందిలోనూ కొందరిని కలుపుకుని మొత్తం పది మందిని ఆసుపత్రికి తరలించారు. కంటిలో పాలిప్ రసం చిమ్మి నల్లగుడ్డు దెబ్బతిన్న కేసులు వేర్వేరు దేశాల కంటివైద్య పత్రికల్లో ఉన్నాయి.

తూర్పు కనుమలు సముద్రాన్ని తాకేచోట

ఆంధ్ర తీరంలో లక్షద్వీప్‌లో, మన్నార్ సింధుశాఖలో ఉన్నంత పెద్ద పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణా నదులు మోసుకొచ్చే ఒండ్రు అందుకు ఒక కారణం. విశాఖపట్నం–భీమిలి మధ్య తీరం దీనికి మినహాయింపు. అక్కడ తూర్పు కనుమల శాఖలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. యారాడ కొండ, డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి ఆ శాఖలే. ఈ కొండల ప్రధాన శిల ఖొండలైట్. 1902లో టి.ఎల్. వాకర్ దానికి ఆ కొండల్లో నివసించే ఖోండు తెగ పేరుమీద ఆ పేరు పెట్టాడు. అరకు లోయ కొండలూ అదే శిలా శ్రేణికి చెందినవి.

పోటు తగ్గినప్పుడు ఆ తీరపు రాళ్లమీద, రాతిగుంటల్లో జోయాంథిడ్లు ఆకుపచ్చ, గోధుమ తివాచీల్లా బయటపడతాయి. విశాఖలో ఔత్సాహికులు కొంతకాలంగా నిర్వహిస్తున్న తీర నడకల్లో వీటిని చూపిస్తుంటారు. చూడడానికి అందంగా ఉన్నాయని చాకుతో గీకి సీసాలో వేసుకురావడం రెండు విధాల తప్పు. ఆ పని ఒడ్డునే, తొడుగులు లేని చేత్తో, కళ్లకు దగ్గరగా జరుగుతుంది. రాయితోపాటు చట్టరక్షణ ఉన్న రాతి పగడపు ముక్క కూడా రావచ్చు.

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, విశాఖ నుంచి ఘాట్ రోడ్డు మీదుగా సుమారు 115 కిలోమీటర్ల దూరాన ఉంది. కృత్రిమ సముద్రపు ఉప్పు, హీటర్, ఎల్‌ఈడీ దీపం ఉంటే ఉప్పునీటి తొట్టి ఎక్కడైనా నడుస్తుంది, సముద్రం దగ్గరుండనక్కరలేదు. కానీ కొండ ప్రాంతంలో ఈ తొట్టి పెట్టుకునేవారికి మైదానంలో లేని మూడు పరిస్థితులు ఎదురవుతాయి.

మొదటిది చలి. అరకు, పాడేరు, లంబసింగి ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి రాత్రులు ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. తొట్టి నీరు 24–27 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంటివాళ్లు తలుపులు, కిటికీలు బిగించుకుని, వెచ్చటి తొట్టి పక్కనే పడుకుంటారు. అలాంటి గదిలో రాళ్లు రుద్దితే లేచిన తుంపరకు బయటికి పోయే దారి ఉండదు.

రెండోది మలేరియా. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఏజెన్సీ మండలాలు దీర్ఘకాలంగా మలేరియా పీడిత ప్రాంతాలు. వణుకుతో జ్వరం, ఒళ్లు నొప్పులు, తలనొప్పి అంటే అక్కడ ఆరోగ్య కార్యకర్త ముందు రక్తపు చుక్క తీసి మలేరియా పరీక్ష చేస్తారు. అది సరైన పనే, మానకూడదు. పాలిటాక్సిన్ తుంపర పీల్చినవారికి వచ్చే లక్షణాలు కూడా దాదాపు ఇవే. పరీక్షలో మలేరియా లేదని తేలితే ‘వైరల్ జ్వరం’ అని పంపేసే అవకాశం ఎక్కువ. తొట్టి కడిగిన సంగతి రోగి చెప్పకపోతే ఏ డాక్టరూ ఊహించలేడు.

మూడోది నీటి పారుదల. కొండల్లో ఇంటి మురుగు తిన్నగా గెడ్డలోకి, అంటే వాగులోకి, చేరుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని నది బొర్రా మీదుగా ప్రవహించి భీమిలి వద్ద సముద్రంలో కలుస్తుంది. దారిపొడవునా ఊళ్లు ఆ నీటిని వాడుకుంటాయి. తీసేసిన పాలిప్‌లను, బ్లీచ్ నీళ్లను గెడ్డలో పారబోయకూడదు.

పనిచేసేటప్పుడు జాగ్రత్తలు

జోయాంథిడ్లున్న తొట్టిలో చేయి పెట్టడానికి ముందు మోచేతుల దాకా ఉండే నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి. పలుచని పాలిథీన్ తొడుగులు రాతి అంచులకు చిరిగిపోతాయి. చేతిమీద గాయం, గోరు పక్కన చీలిక ఉంటే ఆ రోజు పని వాయిదా వేయాలి. కళ్లజోడు చాలదు, పక్కలు కూడా మూసి ఉండే రక్షణ అద్దాలు కావాలి. పాలిప్ మీద వేలు నొక్కినప్పుడు దాని నోటినుంచి నీరు పిచికారీలా చిమ్ముతుంది, అది చాలాసార్లు సరిగ్గా ముఖం వైపే వస్తుంది. రాయి బయటికి తీయవలసిన పని అయితే ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. కిటికీలు తెరిచి, పిల్లలను, వృద్ధులను, పెంపుడు జంతువులను వేరే గదికి పంపాలి. చలికాలమైనా ఇది తప్పదు.

పని మొదలుపెట్టేముందు గాలి బుడగల రాయి, ప్రోటీన్ స్కిమ్మర్, నీటిని చిమ్మే పంపులు ఆపివేయాలి. కోయడం, వేరుచేయడం సాధ్యమైనంతవరకు నీటిలోపలే, తొట్టి నీటితో నింపిన వేరే గిన్నెలో జరగాలి. కాలనీలను ముక్కలుగా చేసి అమ్మేవారు తిరుగుడు రంపాలు, డ్రిల్లులు వాడతారు. అవి నీటినీ కణజాలాన్నీ పొగమంచులా చేస్తాయి, ఇంట్లో వాటిని వాడరాదు. పళ్లు తోమే బ్రష్‌తో రాయి రుద్దడం, ప్రెషర్ పైపుతో కడగడం కూడా అంతే ప్రమాదం.

మన దేశంలో అక్వేరియం నీళ్లు మార్చేటప్పుడు గొట్టం ఒక కొసను నోట్లో పెట్టుకుని పీల్చి నీళ్లు లాగడం సర్వసాధారణం. మంచినీటి తొట్టికైనా అది మంచి అలవాటు కాదు. జోయాంథిడ్లున్న తొట్టికి ఆ పని ఎప్పుడూ చేయకూడదు. చేతితో నొక్కే పంపు ఉన్న సైఫన్ గొట్టాలు అక్వేరియం దుకాణాల్లో చవకగా దొరుకుతాయి. వాటిని వాడాలి, లేదా గొట్టం మొత్తం నీటితో నింపి రెండు కొసలూ వేలితో మూసి లాగాలి.

పని అయ్యాక వాడిన కత్తి, పళ్లెం, బల్ల, తొడుగులు అన్నీ పైన చెప్పిన బ్లీచ్ నీటిలో అరగంట నానాలి. ఒక రాయిని పూర్తిగా వదిలించుకోవాలంటే దాన్ని మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్‌లో, ఆరుబయట, ఇంకా ఎక్కువసేపు అదే నీటిలో ఉంచి, గట్టి సంచిలో కట్టి చెత్తలో వేయాలి. బ్లీచ్‌లో వేడినీళ్లు పోయరాదు. టాయిలెట్ యాసిడ్, అమ్మోనియా కలిసిన ద్రావణాలు దానితో కలిపితే ప్రాణాంతకమైన వాయువులు పుడతాయి, ఆ తప్పు పాలిటాక్సిన్ కంటే తొందరగా మనిషిని చంపగలదు. బ్లీచ్ చుక్క తొట్టిలో పడితే చేపలు, పగడాలు చనిపోతాయి కాబట్టి శుభ్రం చేసిన పరికరాలను బాగా కడిగి, సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీటిలో ముంచి తీయాలి. కాలనీ దెబ్బతిన్నాక తొట్టిలోకి విడుదలైన పదార్థాలను పట్టుకోవడానికి వడపోతలో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేస్తారు.

పెంచేవారికి ఒక మాట: జోయాంథిడ్లు తొట్టిలో కలుపుమొక్కల్లా అల్లుకుపోతాయి. వాటిని వదిలించుకోవాలన్న చిరాకులోనే వర్జీనియాలో మరిగే నీళ్లు పోశారు. కొనేటప్పుడే వేరే రాతిమీద, మిగిలినవాటికి దూరంగా పెంచితే ఆ అవసరం రాదు. రుద్ది తీయవలసిన రాయిని అసలు తీయకుండా వదిలేయడం కూడా మంచి నిర్ణయమే.

చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో 2001 నుంచి రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్ర విసనకర్రలు, ఆర్గన్ పైప్ పగడం చేరాయి. వాటిని సముద్రం నుంచి తీయడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం నేరం. 2022 సవరణ తర్వాత మొదటి షెడ్యూల్ జంతువులకు సంబంధించిన నేరాలకు మూడేళ్లకు తగ్గని జైలుశిక్ష, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. ఆ జాబితాలో జోయాంథిడ్ల వర్గం పేరు విడిగా లేదు, అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలోనూ లేదు. రాతి పగడాలు సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నాయి. చట్టం పగడాలను మనుషుల నుంచి కాపాడుతుంది. మనుషులను పగడాల నుంచి కాపాడే హెచ్చరిక చీటీ ఏదీ దుకాణంలోని సంచిమీద ఉండదు కాబట్టి అమ్మేవారిని అడిగి తెలుసుకునే బాధ్యత కొనేవారిదే అవుతోంది. చూ. వన్యప్రాణి సంరక్షణ చట్టం, పగడపు దిబ్బలు.

లక్షణాలు, ప్రథమ చికిత్స

విషం పీల్చినవారికి నిమిషాల నుంచి కొన్ని గంటల లోపు నోట్లో చేదు లేదా లోహపు రుచి, గొంతు మంట, దగ్గు, ఆయాసం, వణుకుతో జ్వరం, కండరాల నొప్పి, తలనొప్పి కనిపిస్తాయి. చర్మం ద్వారా చేరితే ఎర్రదనం, వాపు, తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండడం కనిపిస్తాయి. కంటిలో పడితే తీవ్రమైన నొప్పి, ఎరుపు, చూపు మసకబారడం ఉంటాయి. మూత్రం ముదురు గోధుమ రంగుకు మారడం, గుండె దడ, ఛాతీ నొప్పి అత్యంత ప్రమాద సూచనలు.

మొదట అందరూ ఆ గదిని వదిలి బయటి గాలిలోకి రావాలి. తొట్టిని తర్వాత చూసుకోవచ్చు. తడిసిన బట్టలు తీసేసి, చర్మాన్ని రుద్దకుండా సబ్బునీటితో కడగాలి. కంటిలో పడితే వెంటనే శుభ్రమైన నీటిధార కింద కనీసం 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మిగిలినవారికి లక్షణాలు లేకపోయినా ఒక రాత్రి గమనిస్తూ ఉండాలి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయాలి. అరకు, పాడేరుల నుంచి విశాఖలోని కింగ్ జార్జి ఆసుపత్రికి ఘాట్ రోడ్డు మీదుగా మూడు గంటలకు పైగా పడుతుంది కాబట్టి ఆయాసం పెరిగేదాకా ఆగడం తగదు. ముందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆక్సిజన్ అందేలా చూసుకోవాలి.

పాలిటాక్సిన్‌కు విరుగుడు మందు లేదు. ఆక్సిజన్, శ్వాసనాళాలను తెరిచే మందులు, అవసరమైతే స్టెరాయిడ్లు, సెలైన్‌తో ఆసరా చికిత్స చేస్తారు. ఈసీజీ, రక్తంలో పొటాషియం, కండరాల దెబ్బను చూపే క్రియాటిన్ కైనేజ్, మూత్రపిండాల పరీక్షలు చేయించాలి. ఏజెన్సీలో మలేరియా పరీక్షతోపాటే ఇవి జరగాలి. డాక్టరుతో ‘జ్వరం వచ్చింది’ అని కాక, ‘ఉప్పునీటి అక్వేరియంలో జోయాంథిడ్ పగడాలు శుభ్రం చేశాను, పాలిటాక్సిన్ అనుమానం ఉంది’ అని చెప్పాలి. వీలైతే ఆ పాలిప్‌ల ఫోటో ఫోన్‌లో చూపించాలి. వైద్యులకు, ప్రజలకు విషాల గురించి సలహా ఇచ్చే జాతీయ విష సమాచార కేంద్రం ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉంది. దాని ఉచిత ఫోన్ నంబరు 1800 116 117.